పొరకను బూచి మాదిరి చూపించడం ఇక ఆపుదాం

పోస్టు పొడుగ్గా ఉంది. ఆఖరిదాకా చదవండి, తప్పుంటే తిట్టండి. సగం చదివి లైక్ కొట్టి మాత్రం పోవద్దు.

పోయిన వారం మన గ్రూపులో ఒక బొమ్మ తిరిగింది. ఎడమ పక్క పెన్ను, కుడి పక్క పొరక. "ఈరోజు ఇది పట్టుకోకపోతే రేపు అది పట్టుకోవాల్సి వస్తుంది" అని కింద రాసుంది. పెట్టిన అన్న మంచోడే. పరీక్షలకు చదువుకునే పిల్లోళ్ళకు హుషారు రావాలని పెట్టినాడు. కింద వరసగా చప్పట్లు, దండాలు, "సూపర్ అన్నా"లు పడినాయి. మేమూ చూసినాం. మేము అంటే మా హాస్టల్ రూములో ఉండే నలుగురం. ఇద్దరం యానాదులం, ఒకడు ఎరుకల, ఒకడు సుగాలి. నలుగురి ఇళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఆ బొమ్మ చూసి ముగ్గురం నవ్వి పైకి జరిపేసినాం. ఒకడు ఫోను పక్కన పెట్టి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

వాడి అమ్మ చిత్తూరు జిల్లాలో ఒక మున్సిపాలిటీలో రోడ్లు ఊడుస్తుంది.

వాడు ఎవడో చెప్పము. సిగ్గుపడి కాదు. నలుగురిలో ఎవరి అమ్మయినా కావచ్చు కాబట్టి. ఈ గ్రూపులో ఉండే వందల మందిలో ఎంతమంది అమ్మలు, పిన్నమ్మలు, మామలు ఈ పనిలో ఉన్నారో ఒకసారి మనసులో లెక్క వేసుకోండి. ఆ బొమ్మ మనకు హుషారు ఇవ్వలేదు. మన ఇంట్లోవాళ్ళను మనకే బూచి మాదిరి చూపించింది. మనం దానికి చప్పట్లు కొట్టినాం.

ఇంకో మాట కూడా చెప్పాల. మొదటి సంవత్సరం చేరినప్పుడు ఫారంలో "తల్లి వృత్తి" అని ఒక గడి ఉంటుంది కదా, అందులో వాడు "గృహిణి" అని రాసినాడు. వాడి మెస్ బిల్లుకు తక్కువ పడిన డబ్బులు, వాడి ఫోను, వాడి బస్ ఛార్జీలు, అన్నీ ఆ అమ్మ జీతం లోంచే వచ్చినాయి. జీతం తీసుకున్నాం, పని పేరు రాయలేకపోయినాం. వాడొక్కడిదే తప్పు అని మేము అనడం లేదు. అయిదో తరగతి నుంచి అయ్యవార్లు, ఊరి పెద్దలు, బస్సులో పక్కన కూర్చున్నోళ్ళు అందరూ ఒకటే మాట చెప్తా వచ్చినారు: చదవకపోతే కసువు ఊడ్చుకోని బతకాల. ఇన్నేళ్ళు ఆ మాట విన్న పిల్లోడు ఆ గడిలో ఇంకేం రాస్తాడు?

అందుకే ఈ పోస్టు. ఆ మాట అబద్ధం అని చెప్పడానికి.

మొదట ఆ పని ఏందో చూద్దాం. తిరుపతిలో ఉండేవాళ్ళు ఒక్కరోజు తెల్లారుజామున అయిదింటికి బయటికి రండి. రైల్వే స్టేషన్ ముందర, గోవిందరాజస్వామి గుడి చుట్టూ వీధుల్లో, గాంధీ రోడ్డులో, ఆర్టీసీ బస్టాండు దగ్గర, అలిపిరి దారిలో చూడండి. 2011 జనాభా లెక్కల్లో ఈ ఊరి జనం మూడు లక్షలకు కాస్త తక్కువ. కానీ కొండకు దినానికి అరవై డెబ్భై వేల మంది పోతా ఉంటారు. ఎక్కువ మంది ఈ ఊరు తొక్కే పోవాల. వాళ్ళు తిన్న ఇడ్లీ పొట్లాల ఆకులు, తాగిన నీళ్ళ సీసాలు, టీ కప్పులు, పూల దండలు, పారేసిన చెప్పులు, పిల్లోళ్ళ డైపర్లు అన్నీ రాత్రి పన్నెండుకు రోడ్డు మీద ఉంటాయి. పొద్దున ఆరున్నరకు ఉండవు. భక్తులు "ఊరు ఎంత శుభ్రంగా ఉందో" అని ఫోటోలు తీసుకుంటారు. స్వచ్ఛ సర్వేక్షణ్ లో 2022లోనూ 2023లోనూ లక్ష జనాభా దాటిన ఊళ్ళలో తిరుపతి మొదటి పదిలో నిలిచింది. ఫ్లెక్సీల మీద నాయకుల ఫోటోలు పడినాయి. అర్ధరాత్రికీ ఆరున్నరకూ మధ్యలో ఏం జరిగిందో ఆ ఫ్లెక్సీల్లో లేదు.

ఆ మధ్యలో జరిగేది ఒట్టి ఊడ్చడం కూడా కాదు. ఊడ్చిన కుప్పలు ఎత్తాల, బండికి ఎక్కించాల. ఇళ్ళ నుంచి వచ్చిన చెత్తలో తడిది వేరు, పొడిది వేరు చెయ్యాల. మనం వేరు చేసి ఇవ్వం కాబట్టి వాళ్ళు చేత్తో చెయ్యాల. మురిక్కాలవలో పూడిక తియ్యాల. తీసిన పూడిక ఆరే లోపల ఎత్తెయ్యాల, లేకపోతే వానకు మళ్ళీ కాలవలోకే పోతుంది. ఊరి చెత్త రేణిగుంట దారిలో తూకివాకం దాకా పోయి ఎరువు, గ్యాసు అవుతా ఉంది అంటే, ఆ యంత్రాల కన్నా ముందు ఎవరో ఒకరు కోడిగుడ్డు పెంకుల్ని ప్లాస్టిక్ కవరు నుంచి వేరు చేసినందుకే అవుతా ఉంది. దీనికి నేర్పు అక్కర్లేదు అనేవాళ్ళు ఒక గంట చేసి చూడండి. ఏ కాలవ యాడ మూసుకుంటుందో, ఏ వీధిలో పెళ్ళి జరిగితే ఎంత చెత్త వస్తుందో, ఏ గోతంలో గాజు పెంకులు ఉంటాయో ఎత్తకముందే వాళ్ళకు తెలుస్తుంది. ఇది పుస్తకంలో లేని చదువు.

2021 నవంబరు 18 గుర్తుందా? ఆ వానకు తిరుపతి వీధులు ఏరులైనాయి. ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినాయి. నీళ్ళు దిగినాక మిగిలింది బురద, చచ్చిన జంతువులు, తడిసిపోయిన పరుపులు. అవి ఎత్తిందీ ఈ చేతులే. అంతకుముందు ఏడాది కరోనాలో మనం తలుపులు వేసుకోని కూర్చున్నప్పుడు, కరోనా వచ్చిన ఇంటి చెత్త తీసిందీ ఈ చేతులే. వాళ్ళకు ఇంట్లో కూర్చునే అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

కాయితం మీద వాళ్ళ పేరు "పబ్లిక్ హెల్త్ వర్కర్". అంటే ఊరి ఆరోగ్యం కాసేవాళ్ళు. వీధిలో మాత్రం "చెత్తామె", "చెత్తోడు". డాక్టరు జబ్బు వచ్చినాక చూస్తాడు. వీళ్ళు జబ్బు రాకముందే కాలవలో నుంచి ఎత్తి పారేస్తారు. ఇంత పెద్ద పనికి ఇంత చిన్న పేరు ఎట్లా వచ్చింది?

పనిని బట్టి రాలేదు. ఆ పనికి ఎవరిని పెట్టినారో వాళ్ళను బట్టి వచ్చింది. ఈ దేశంలో కసువు తీసే పని కులాన్ని చూసి ఇచ్చినారు. కేంద్ర ప్రభుత్వం నమస్తే పథకం కింద మురుగు కాలవలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్ళ లెక్క తీసి 2024లో బయటపెట్టింది. వందకు సుమారు 68 మంది ఎస్సీలు, 8 మంది ఎస్టీలు. ఇది తలరాత కాదు, ఏర్పాటు. మన ఎస్సీ అన్నాచెల్లెళ్ళు తరతరాలుగా ఎక్కువ బరువు మోసినారు, అది మనం మర్చిపోకూడదు. మనవాళ్ళూ ఆ పక్కనే ఉన్నారు. నెల్లూరు వైపు పట్టణాల్లో యానాదులను ఎంతో కాలం పాకీ పనికి పెట్టుకున్నారు. అడవిలో తేనె, దుంపలు, మందు మొక్కలు, చెరువులో చేపలు తెలిసినోళ్ళను, పాము కాటుకు మందు ఇచ్చేవాళ్ళను తెచ్చి ఊరి వెనకాల నిలబెట్టినారు. శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. 1970 ప్రాంతంలో రాకెట్ కేంద్రం కోసం అక్కడి యానాదులను వాళ్ళ దీవి నుంచి కదిలించినారు. అడవి పోయినోడికి ఊర్లో దొరికే పని ఏముంటుంది? ఎరుకలోళ్ళను తెల్లోళ్ళ చట్టం పుట్టుకతోనే నేరస్తులు అనింది. ఆ చట్టం 1952లో పోయింది, చూపు ఇంకా పోలేదు. ఆ పొరక, ఆ చెత్త ఎత్తే బుట్ట ఎవరు అల్లినారో కూడా గుర్తు చేసుకోండి. ఈతపుల్లల ఎరుకలోళ్ళు అని మనలో ఒక శాఖకు పేరే ఉంది. ఉత్తరాంధ్ర కొండల్లో కొండచీపురు కోసి అమ్ముకుని బతికేది మన ఆదివాసీ అక్కచెల్లెళ్ళు. ఊరు ఊడ్చే సామాను కూడా మన చేతిదే. ఆ సామాను చూపించి మనల్నే బెదిరిస్తా ఉన్నారు.

బెజవాడ విల్సన్ గారి సంగతి మన గ్రూపులో అందరికీ తెలియాల. కుప్పం దాటితే వచ్చే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ లో 1966లో పుట్టినాడు. తెలుగు కుటుంబం, ఇంటిల్లిపాదీ పాకీ పని. కష్టపడి చదువుకోని ఉద్యోగం కోసం ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజికి పోతే, ఆయన కులం చూసి అక్కడ పని గడిలో పాకీ పని అనే రాసినారు. మా వాడు గడిలో నిజం రాయలేక గృహిణి అన్నాడు. ఆయన గడిలో వేరేవాళ్ళు తమకు కావాల్సింది రాసి పెట్టినారు. రెండు గడులూ ఒకే జబ్బు. కానీ విల్సన్ గారు ఏం చేసినాడో చూడండి. ఇంట్లోవాళ్ళ పని దాచిపెట్టి పారిపోలేదు. ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటి పెద్దలతో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ నిలబెట్టినాడు. ఎత్తుడు మరుగుదొడ్లు పగలగొట్టించినాడు. సుప్రీంకోర్టు దాకా పోయినారు. 2013లో కొత్త చట్టం వచ్చింది. మురుగు గుంతలో దిగి చనిపోయినవాళ్ళ కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని 2014లో, ఇంకో కేసులో ముప్పై లక్షలు ఇవ్వాలని 2023లో కోర్టు చెప్పింది. 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన పోరాటం పొరక పట్టినోళ్ళ మీద కాదు, పొరకను కులానికి కట్టేసిన తాడు మీద. మన గ్రూపులో తిరిగిన బొమ్మ ఆ తాడును ఇంకా బిగిస్తా ఉంది.

ఇప్పుడు రెండో అబద్ధం దగ్గరికి వద్దాం. మొదటిది వెటకారం. రెండోది పొగడ్త. ఇది ఇంకా తియ్యగా ఉంటుంది కాబట్టి ఇంకా జాగ్రత్తగా ఉండాల.

అక్టోబరు 2 వస్తే ప్రతి ఆఫీసులో, ప్రతి కాలేజీలో ఇద్దరు ఆడవాళ్ళను పిలిచి శాలువా కప్పి "మీరు దేవుళ్ళు" అంటారు. పెద్దోళ్ళు కొత్త పొరకలు పట్టుకోని, ముందే ఊడ్చి పెట్టిన రోడ్డు మీద రెండు ఆకులు చల్లించుకోని ఫోటో దిగుతారు. 2019 ఫిబ్రవరిలో ప్రయాగరాజ్ కుంభమేళాలో ప్రధానమంత్రే అయిదుగురు పారిశుధ్య కార్మికుల కాళ్ళు కడిగినాడు. కాళ్ళు కడగడం తప్పని మేము అనం. కానీ ఆ కాళ్ళకు బూట్లు యాడ? ఆ చేతులకు గ్లౌజులు యాడ? 2016 ఘన వ్యర్థాల నియమాల్లోనే రాసినారు. యూనిఫాం, చేతి తొడుగులు, వాన కోటు, బూట్లు, మాస్కు ఇయ్యాల్సిన బాధ్యత మున్సిపాలిటీలది అని. అది దయ కాదు, రూలు. రూలు ప్రకారం ఇచ్చే బూట్లకు ఫోటో రాదు, శాలువాకు వస్తుంది. తేడా అంతే.

ఈ పని పవిత్రమైనది, గొప్పది అని గాంధీ గారు చాలాసార్లు చెప్పినారు. ఆయన స్వయంగా చేసినారు కూడా. కానీ ఆ పనిలో పుట్టి, అందులోనే ఉండమన్న మనిషికి "నీ పని గొప్పది" అని చెప్పడం మోసం అని అంబేద్కర్ గారు 1945లో అచ్చయిన పుస్తకంలో నిలదీసినారు. మనం ఈ రెండు మాటల మధ్యలో తికమక పడకూడదు. పని నీచం అనేవాడూ, పని దైవం అనేవాడూ ఇద్దరూ ఒక విషయం మాత్రం మాట్లాడరు. జీతం గురించి.

మాట్లాడింది ఆ పని చేసేవాళ్ళే. 2022 జూలైలో మన రాష్ట్రంలో మున్సిపల్ కార్మికులు సమ్మె చేసినాకనే 15,000 జీతం, 6,000 ఆరోగ్య భత్యం కలిపి 21,000 ఖాయం అయింది. మళ్ళీ 2023 డిసెంబరు 26న రోడ్డెక్కినారు. సమాన పనికి సమాన జీతం, పర్మనెంట్ అని అడిగినారు. పదహారు రోజులు, సంక్రాంతి ముందర, చలిలో. అప్పుడు మన ఫోన్లలో ఏం వచ్చినాయో గుర్తుందా? "ఊరంతా కంపు కొడతా ఉంది, వీళ్ళకు బాధ్యత లేదా" అని. దేవుళ్ళు అని శాలువా కప్పిన నోళ్ళే ఆ మాట అన్నాయి. దేవుడు జీతం అడగకూడదు కదా మరి. 2024 జనవరి రెండో వారంలో చర్చల తర్వాత పనిలోకి వచ్చినారు. పర్మనెంట్ మాట అప్పుడు తేలలేదు.

మనకు నాలుగు గంటల దూరంలో ఉండే చెన్నైలో ఇంకా స్పష్టంగా కనపడింది. ఆ ఊర్లో కసువు ఊడ్చేవాళ్ళలో చాలామంది తెలుగోళ్ళు. తాతల కాలంలో మన పక్క నుంచి పోయిన ఆది ఆంధ్రులు. 2025 ఆగస్టులో పనిని ప్రైవేటు కంపెనీకి ఇవ్వద్దు, మా ఉద్యోగం మాకు ఉండనీయండి అని రిప్పన్ బిల్డింగ్ ముందర పదమూడు రోజులు కూర్చున్నారు. అర్ధరాత్రి పోలీసులు వచ్చి ఎత్తేసినారు. ఆ తర్వాత ప్రభుత్వం చెప్పిన వరాల్లో ఒకటి, కార్మికులకు ఉచితంగా టిఫిన్. వాళ్ళు అడిగింది ఉద్యోగం. ఇచ్చింది టిఫిన్. పొగడ్త ఎప్పుడూ ఇట్లనే పనిచేస్తుంది. అడిగింది పక్కన పెట్టి, అడగంది చేతిలో పెడుతుంది.

ఇది మన దేశం జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో మెంఫిస్ అనే ఊర్లో 1968 ఫిబ్రవరిలో చెత్త లారీ యంత్రంలో ఇద్దరు నల్లజాతి కార్మికులు నలిగి చచ్చిపోయినారు. ఆ తర్వాత పదమూడు వందల మంది పని ఆపేసినారు. వాళ్ళు మెడలో తగిలించుకున్న అట్టల మీద రాసుకున్నది ఒకటే: నేను మనిషిని అని. దేవుణ్ణి అని రాసుకోలేదు. వాళ్ళకు తోడు నిలబడడానికి వచ్చినప్పుడే మార్టిన్ లూథర్ కింగ్ ను ఆ ఊర్లో ఏప్రిల్ 4న కాల్చి చంపినారు.

ఇక్కడ మమ్మల్ని ఒకరు అడగొచ్చు. "ఇంత మాట్లాడతా ఉన్నారు కదా, రేపు మీరు పొరక పట్టుకుంటారా?" అని. ఈ ప్రశ్న నుంచి తప్పించుకోము.

నిజం చెప్తాం. మాకు ఇష్టం లేదు. మా అమ్మకూ ఇష్టం లేదు. ఫోను చేసినప్పుడల్లా "నాయనా, నా మాదిరి కాకూడదు నువ్వు" అంటుంది. కానీ ఆ అమ్మ మాటకూ ఆ బొమ్మ మాటకూ భూమికీ ఆకాశానికీ ఉండేంత తేడా ఉంది. అమ్మ చెప్పేది తన నడుము నొప్పి గురించి, వానలో తడిసిన రాత్రి గురించి, మేస్త్రీ కసిరిన మాట గురించి. "నేను పడింది నువ్వు పడొద్దు" అని. ఆ బొమ్మ చెప్పేది "ఆమె తక్కువది, నువ్వు ఆమెలాగా కావద్దు" అని. అమ్మ బాధను తీసుకోని అమ్మ మీదనే వేసినారు. మనం ఆ పనిలోకి పోకూడదు అనుకునేది పని పాడుది అయినందుకు కాదు. గ్లౌజులు లేక, ఉద్యోగం ఖాయం కాక, పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేక దాన్ని పాడు చేసి పెట్టినందుకు. పుట్టుకతో ఎవరూ ఆ పనిలోకి పోకూడదు. పోయినవాళ్ళు ఎవరూ దాంట్లో చావకూడదు, చిన్నబోకూడదు. ఇదే మా మాట.

ఇంకొక లెక్క కూడా చూడండి. డిగ్రీ అయిపోయిన మన అన్నలు ఎంతమంది పది, పన్నెండు వేలకు షాపుల్లో నిలబడతా ఉన్నారు? కాంట్రాక్టు కింద ఫ్యాక్టరీ షిఫ్టులకు పోతా ఉన్నారు? వాళ్ళను చదువు కాపాడలేదు, సంఘం కూడా లేదు కాబట్టి. పొరక పట్టిన అమ్మ సమ్మె చేసి 21,000 తెచ్చుకునింది. పెన్ను పట్టిన మనం ఓవర్‌టైం డబ్బులు అడగడానికి భయపడతా ఉన్నాం. ఎవరు ఎవరికి హుషారు ఇవ్వాల చెప్పండి?

ఇప్పుడు మన వైపు కూడా చూసుకుందాం. పక్కోళ్ళను తిట్టి మనల్ని వదిలేస్తే ఈ పోస్టు రాసి ఉపయోగం లేదు.

పోయిన ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం ఊరేగింపు చేసినాం. డప్పులు, జెండాలు, నినాదాలు. చాలా బాగా జరిగింది. మధ్యాహ్నం భోజనాలు పెట్టినాం. అందరం పోయినాక ఆ రోడ్డు చూసినారా? ప్లాస్టిక్ ప్లేట్లు, నీళ్ళ ప్యాకెట్లు, సగం తిన్న అన్నం. మేమూ అందులో ఉన్నాం. మా ప్లేట్లు కూడా అక్కడే ఉన్నాయి. "జల్, జంగిల్, జమీన్" అని గొంతు పోయేదాకా అరిచి, పక్కనే ఉండే కాలవలో ప్లేట్లు పారేసినాం. సాయంత్రం ఇద్దరు అక్కలు వచ్చి ఎత్తినారు. ఒకామె మాలో ఒకణ్ణి చూసి "మన పిల్లోళ్ళ మీటింగేనా ఇది?" అని అడిగింది. "మన" అని అనింది. ఆమె కూడా యానాది. ఆమె అనిన ఆ ఒక్క ముక్కకు మేము ఈరోజుకీ జవాబు చెప్పలేదు.

ఇంకొకటి. మా వీధిలో ఊడ్చే పిన్నమ్మ ఒకరోజు చేతికి గుడ్డ చుట్టుకోని, ఎడమ చేత్తో ఊడుస్తా ఉంది. ఏమైంది పిన్నమ్మా అంటే, "బ్లేడు తెగింది నాయనా, సంచిలో ఉన్నింది" అనింది. ఏ సంచిలో అని అడిగే ధైర్యం మాకు రాలేదు. వంద మంది మగపిల్లోళ్ళం ఉండే హాస్టల్, అందరం గడ్డాలు గీసుకుంటాం, బ్లేడు చెత్తలో ఊరికే పడేస్తాం. ఎవరి బ్లేడో ఎవరికి తెలుసు? అందుకే అది మా అందరి బ్లేడు. ఆమె మమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కాబట్టి ఈ గ్రూపుకు మా నలుగురి తరఫున కొన్ని మాటలు. ఇవి పెద్దవేం కావు. శాలువా ఖర్చు కూడా కాదు.

ఒకటి. పెన్ను, పొరక బొమ్మలు ఇక ఈ గ్రూపులో పెట్టొద్దు. పెట్టిన అన్నా, మీ మీద కోపం లేదు, ఆ బొమ్మ ఒక్కటి తీసెయ్యండి. చదువుకోమని చెప్పడానికి ఇంకొకరి అమ్మను చూపించి భయపెట్టాల్సిన పని లేదు.

రెండు. మన వీధిలో, మన హాస్టల్లో ఊడ్చేవాళ్ళ పేరు కనుక్కోండి. "ఏయ్ చెత్తమ్మా" కాదు. వయసును బట్టి అక్కా, పిన్నమ్మా, మామా, అన్నా. మన ఇళ్ళలో పిలిచినట్టే.

మూడు. హాస్టల్ రూముల్లో తడి చెత్త, పొడి చెత్త వేరుగా పెట్టుకుందాం. బ్లేడ్లు, పగిలిన గాజు, సిరంజీలు ఖాళీ సీసాలో వేసి మూత బిగించి పైన రాద్దాం. అక్కచెల్లెళ్ళు ప్యాడ్లు కాయితంలో చుట్టి ఇవ్వండి. 2016 నియమాల్లోనే ఇది ప్రతి ఇంటి బాధ్యత అని రాసినారు. మనం చెయ్యకపోతే ఆ పని ఒకరి వేళ్ళు చేస్తాయి.

నాలుగు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. మనకు ఫోను తెలుసు, ఫారాలు తెలుసు. వాళ్ళలో చాలామందికి పీఎఫ్ ఎంత కట్ అవుతా ఉందో, జమ అవుతా ఉందో లేదో తెలియదు. ఈఎస్ఐ కార్డులో పేరు తప్పు పడితే ఆసుపత్రిలో తిప్పి పంపిస్తారు. ఆధార్ లో ఒక అక్షరం తేడా ఉంటే డబ్బు ఆగిపోతుంది. నెలకు ఒక ఆదివారం, మన ఊర్లో ఒక చెట్టు కింద, ఇద్దరు ముగ్గురం కూర్చోని వాళ్ళ పాస్‌బుక్కులు చూసి పెట్టలేమా? మన చదువు అక్కడ పనికొస్తే చాలు. "దేవుళ్ళు" అని పది పోస్టులు రాసే బదులు ఒక్క పీఎఫ్ ఖాతా సరి చేస్తే అదే దండం.

అయిదు. ఈసారి సమ్మె జరిగితే మొదటి రోజే టెంటు దగ్గరికి పోదాం. నీళ్ళ క్యాన్ తీసుకోని పోదాం. కంపు కొడతా ఉంది అని స్టేటస్ పెట్టేవాళ్ళకు, ఆ కంపు ఎవరు తియ్యకపోతే వచ్చిందో మనం చెప్దాం.

ఆరు. రాబోయే ఆగస్టు 9కి, సేవాలాల్ జయంతికి, మన ఏ మీటింగుకైనా ప్లాస్టిక్ ప్లేట్లు వద్దు, విస్తరాకులు చాలు. మీటింగు అయిపోయినాక ఆఖరి పని మనదే. మన కసువు మనమే ఎత్తుకోని పోదాం. ఆ అక్క మళ్ళీ ఆ దారిలో వస్తే "మన పిల్లోళ్ళ మీటింగే" అని ఆమే చెప్పుకునేటట్టు ఉండాల.

ఆఖరిగా మా రూము సంగతి. రెండో సంవత్సరం స్కాలర్‌షిప్ ఫారం మొన్న నింపినాం. మళ్ళీ అదే గడి వచ్చింది, "తల్లి వృత్తి". వాడు కాసేపు పెన్ను పట్టుకోని కూర్చున్నాడు. మేము ముగ్గురం ఏమీ అనలేదు. తర్వాత "పారిశుధ్య కార్మికురాలు" అని పూర్తిగా, స్పష్టంగా రాసినాడు. పైన ఉన్న పోస్టర్ అన్నకు మా జవాబు అదే. వాడి చేతిలో ఉన్నది పెన్నే అన్నా. దాన్ని వాడి చేతికి తెచ్చింది పొరక.

జై భీమ్. జై ఆదివాసీ.